లోపల ఏమీ ఉండకూడదు

శ్రీమతి స్కేలుబద్ద గారికి,

సగం సర్దిన ఇంట్లోంచి, చెక్కపెట్టె మీద కాగితం పెట్టుకుని మీ ఆయన రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ అమ్మగారూ క్షేమం. ఆవిడ మోకాలు కూడా ఈ వారం క్షేమమే. కర్టెన్లు తీసేశాక కిటికీలు కాస్త బోసిపోయాయి గానీ అవీ బాగానే ఉన్నాయి. నువ్వు అక్కడ వేళకి తింటున్నావనీ, కొత్త ఆఫీసులో మ్యాపులు గీసే బల్ల నీ ఎత్తుకి సరిపోయిందనీ తలుస్తాను. సరిపోకపోతే ఈపాటికి దాని కాళ్ళు కోయించే ఉంటావులే.

నీ ఉత్తరం మంగళవారం అందింది. "ఫోన్లో అయితే జోకులేసి తప్పించుకుంటావు. అడిగినవాటికి కుదురుగా కూర్చుని జవాబు రాయి" అన్నావు. కూర్చున్నాను. కుదురు సంగతి చెప్పలేను. నంబర్లు వేసి మరీ ఏడు ప్రశ్నలు అడిగావు, అన్నీ మామయ్య పొగతాగే పైపుల గురించే. మంచాలు వస్తున్నాయా, బీరువా తలుపు ఊడిందా, కట్టుకున్న మొగుడు బతికున్నాడా అని ఒక్క ముక్క లేదు. నాకేం కోపం లేదు. ఆయన పోయి రెండేళ్ళయినా నీకు మిగిలినవి ఆ పదిహేడు పైపులే కదా.

ఏడో ప్రశ్న నిజానికి ప్రశ్న కాదు, ఆజ్ఞ. "వంకర పైపుని మాత్రం ముట్టుకోకు. నాన్న ఆఖరిసారి కూరి పెట్టుకున్న పొగాకు దాంట్లో అలాగే ఉంది. ఆయన బొటనవేలితో నొక్కింది. నాకది అలాగే కావాలి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా." కింద మూడు గీతలు. చూశాను. చదివాను. చివర్న దాని దగ్గరికి వస్తాను, తొందరపెట్టకు.

నీళ్ళతో కడిగావా అని అడిగావు. కడగలేదు తల్లీ. గాజు ఫ్యాక్టరీ ప్యాకింగ్ షెడ్డులో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నవాణ్ణి, చెక్కకీ నీళ్ళకీ పడదని ఆమాత్రం తెలియదా? దూది చుట్టిన సన్నటి తీగ గొట్టంలోకి దూర్చి, అది తెల్లగా బయటికొచ్చేదాకా లాగాను. మూతిగొట్టాల్ని కూడా ఎడాపెడా లాగెయ్యలేదు. పొగాకు కూరే గిన్నెని గుప్పిట్లో పట్టుకుని, మెల్లగా ఒకే వైపుకి తిప్పుతూ తీశాను. దేని గొట్టం దానికే మళ్ళీ తొడిగాను. గిన్నెల లోపల నల్లగా పేరుకున్న పొరని గీకలేదు. నువ్వు రాయకముందే అత్తయ్య చెప్పారు, అది మురికి కాదట, ఏళ్ళ తరబడి పొగ పోసి కట్టిన గోడట. అది లేకపోతే చెక్క కాలిపోతుందట. చూశావా, నలభై ఏళ్ళు పొగ కంపని తిట్టిన మనిషికి ఎంత తెలుసో!

ప్లాస్టిక్ సంచులు వాడలేదు. ప్లాస్టిక్‌లో చెక్కకి చెమట పట్టి బూజొస్తుంది. పాత పేపర్లు కూడా వద్దనుకున్నాను, సిరా అంటుకుంటుంది. ఏం చుట్టాలా అని చూస్తుంటే అత్తయ్య లోపలికి వెళ్ళి మామయ్య పాత చొక్కాలు నాలుగు తెచ్చి, కత్తెర పట్టుకుని కూర్చున్నారు. "అత్తయ్యా, అవి ఎందుకు కోస్తున్నారు?" అంటే, "తొడుక్కునేవాళ్ళు లేరు, మెత్తగా ఉన్నాయి. ఇంకా ఏం కావాలి బాబూ?" అన్నారు. చొక్కాకి నాలుగు ముక్కలు వచ్చాయి. పొడుగాటిదానికి ముక్క చాలకపోతే తన తువ్వాలు ఇచ్చారు.

తెల్ల రాయి పైపు గురించి నువ్వేం భయపడకు. ఇప్పుడది తెల్లగా ఎక్కడుంది, తేనె రంగుకి తిరిగింది. ఆ రంగుకి చేతి చెమటతో మచ్చలు పడతాయని ఎప్పుడో అన్నావు కాబట్టి నీ చలికాలం చేతి తొడుగులు వేసుకుని పట్టుకున్నాను. వేళ్ళు పూర్తిగా దూరలేదనుకో, అయినా పట్టుకున్నాను. పొడుగాటి మట్టి పైపుకి విడిగా ఒక అట్ట గొట్టం చేసి, చుట్టూ దూది కూరాను. షెడ్డులో అయితే దీన్ని 'పెళ్ళికూతురు ప్యాకింగ్' అంటాం. లారీలో ఎక్కడ పెడతావన్నావు. లారీ వెనక సామాన్లలో పెట్టను. ఎండకి ఆ ఇనప డబ్బాలో కొలిమిలా ఉంటుంది, మూతిగొట్టాల రంగు పోతుంది. పెట్టె నా ఒళ్ళోనే వస్తుంది. ముందు డ్రైవరు పక్క సీట్లో అత్తయ్య కిటికీ పక్కన, నేను మధ్యలో, మామయ్య పైపులు నా ఒళ్ళో.

ఆదివారం మధ్యాహ్నం సంగతి నీకు చెప్పాలి. ముందు గదిలో సామానంతా పెట్టెల్లోకి వెళ్ళిపోయింది. గోడల మీద ఫోటోలు ఉన్నచోట లేత రంగు చతురస్రాలు మిగిలాయి. దగ్గితే గది తిరిగి దగ్గుతోంది. నేల మీద దుప్పటి పరిచి పైపులు వరసగా పేర్చాను. కర్టెన్ లేని కిటికీలోంచి ఎండ నేరుగా వచ్చి మొదటి పైపు మీద పడింది. నేను దాన్ని తుడిచేలోపు రెండోదాని మీదికి జరిగింది. నేనూ ఎండా ఒకే వేగంతో పనిచేస్తున్నట్టు అనిపించింది. లోపల గదిలో అత్తయ్య కునుకు తీస్తున్నారు, ఆవిడ ఊపిరి తప్ప ఇంకే చప్పుడూ లేదు.

ఒక్కో పైపుకీ ఒక్కో వాసనుంటుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. ఒకటి ఎండు ద్రాక్ష. ఒకటి వాన పడ్డ చెక్కతలుపు. ఇంకోటి, నవ్వకు, మన పెళ్ళినాటి బీరువా తెరిస్తే వచ్చే వాసన. వాసన చూస్తూ చూస్తూ గోడకి ఆనుకున్నాను. కళ్ళు మూశానో లేదో, మామయ్య మేజోళ్ళతో చప్పుడు కాకుండా నడిచివచ్చి దుప్పటి అంచున కూర్చున్నారు. స్టేషన్ మాస్టరుగా ఉన్నప్పటి తెల్లకోటు వేసుకున్నారు. కల అని నాకు తెలుస్తూనే ఉంది. "ఒక్క నోటికి పదిహేడు ఎందుకు మామయ్యా?" అని అడిగాను. బతికున్నప్పుడు అడిగే ధైర్యం ఎప్పుడూ రాలేదులే. "కాలినది చల్లారాలి కదయ్యా. ఒకటి పనిచేస్తుంటే తక్కినవి విశ్రాంతి తీసుకుంటాయి" అన్నారు. టైముకి వచ్చిన రైలు గురించి చెప్పినంత మామూలుగా అన్నారు. తర్వాత కిటికీలోంచి బయటికి చూశారు. నేనూ చూశాను. బయట ఏదో మెల్లగా కదిలిపోతోంది, రైలో, మబ్బో. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మన పెళ్ళయ్యాక ఆయన బతికున్న తొమ్మిదేళ్ళలో నా పక్కన అంతసేపు ఎప్పుడూ కూర్చోలేదు.

మెలకువ వచ్చేసరికి ఎండ గోడెక్కింది. ఆ మగతలోనే మిగతా పని చేశాను. అసలు సంగతి అక్కడే ఉంది. ఇక తప్పించుకోను.

షెడ్డులో చేరిన మొదటిరోజు మా మేస్త్రీ నేర్పిన మొదటి మాట నీకు చాలాసార్లు చెప్పాను, నువ్వు విసుక్కున్నావు కూడా. 'లోపల ఏమీ ఉండకూడదు.' కూజాలో చుక్క నీరు, సీసాలో చిటికెడు ఇసుక, ఏదున్నా సరే దించెయ్యాలి. ఖాళీది ప్రయాణం చేస్తుంది, లోపల ఏదైనా ఉన్నది పగులుతుంది. పంతొమ్మిదేళ్ళుగా ఏ పాత్ర చేతికొచ్చినా ముందు తలకిందులు చేస్తాను. అన్నం తినే గిన్నెని కూడా అలాగే చేస్తానని నువ్వే వెక్కిరిస్తావు కదా.

దుప్పటి మీద పదహారే ఉన్నాయి. పదిహేడోది నీ డెస్కు సొరుగులో, నీ చేతిరుమాల్లో చుట్టి కనబడింది. వంకరది. విప్పి చూస్తే లోపల పొగాకు. 'అయ్యో, దీన్ని శుభ్రం చెయ్యడం మర్చిపోయారే' అనుకున్నాను. రుమాల్లో ఎందుకు చుట్టిందా అని నా బుర్ర అడగాలి కదా? అడగలేదు. బుర్ర కంటే ముందు చెయ్యి కదిలింది. తలకిందులు చేసి అరచేతికేసి తట్టాను.

అది ఆదివారం. నీ ఉత్తరం వచ్చింది మంగళవారం. ఏడో నంబరు చదవగానే పరిగెత్తుకెళ్ళి చెత్తబుట్ట చూశాను. ఖాళీ. సోమవారం పొద్దునే చెత్తబండి వచ్చి వెళ్ళింది. వీధి చివరిదాకా ఊరికే నడిచి వెనక్కొచ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ ఖాళీ బుట్టని కూడా బోర్లించి చూశాను.

ఆ తర్వాత చేసింది ఇంకా పెద్ద తప్పు. బుధవారం మామయ్య వెళ్ళే పొగాకు కొట్టుకి వెళ్ళాను. కొట్టు పెద్దాయన నన్ను చూసి, "ఆయన అల్లుడివి కదూ? ఆయన కలిపించుకునే పాళ్ళు ఇంకా నా దగ్గర రాసే ఉన్నాయి" అని అదే రకం కలిపి ఒక చిన్న డబ్బాలో పోసిచ్చారు. ఎలా కూరాలో కూడా అడిగాను. "మొదటి చిటికె ఊరికే రాలాలి. రెండోది ఆనాలి. మూడోది నొక్కాలి. ఆపైన పీల్చి చూడు, గాలి ఆడాలి" అన్నారు. ఇంటికొచ్చి, తేలు కుట్టిన దొంగలా వంటింటి మూల నిలబడి కూరాను. మొదటిసారి బిగిసిపోయింది. రెండోసారి వదులైంది. మూడోసారి కుదిరింది. నా బొటనవేలితో నొక్కాను. నీ రుమాల్లో, నువ్వు చుట్టినట్టే చుట్టి పెట్టెలో పెట్టాను. ఏడో ప్రశ్నకి "ముట్టుకోలేదు" అని ఒక్కమాట రాస్తే అయిపోతుంది అనుకున్నాను. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు కదా. నాది అతికినట్టు కూడా కనబడకుండా కుదిరింది.

నిన్న మధ్యాహ్నం పెట్టెకి మేకులు కొట్టబోతుంటే అత్తయ్య వచ్చి, "వంకరది ఉందా బాబూ? ఒకసారి ఇయ్యి" అన్నారు. ఇవ్వక ఏం చెయ్యను? ఆవిడ రుమాలు విప్పి, గిన్నెలో బొటనవేలు పెట్టి, ఆ పొగాకు మీద అలాగే ఉంచారు. చాలాసేపు. తర్వాత ఏడ్చారు. మామయ్య పోయిన రోజు కూడా ఆవిడ అందరికీ మంచినీళ్ళు ఇస్తూ తిరిగారు కదా, ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. "ఆ పొద్దున దీన్ని కూరుకుంటూ వెలిగించబోయారు. బయట వాన, కిటికీలన్నీ మూసున్నాయి. ఇల్లంతా కంపు, ఇక్కడ వెలిగిస్తే ఊరుకోనన్నా. సరే, వాన తగ్గాక వరండాలో కాల్చుకుంటాలే అన్నారు. వాన సాయంత్రం దాకా తగ్గలేదు" అన్నారు. ఆయన పదకొండింటికే పోయారు కదా. మళ్ళీ ఆవిడే, "అమ్మాయి దీన్ని దాచుకుందని నాకు తెలుసు. నాకు తెలుసని దానికి తెలీదు. చెప్పకు" అన్నారు.

తల్లీకూతుళ్ళు ఒకే ఇంట్లో, ఒకే పైపుని, ఒకరికి తెలియకుండా ఒకరు రెండేళ్ళు కాపలా కాశారు. కాపలా కాసినదాన్ని నేను చెత్తబండికి ఎక్కించాను. ఆవిడ తన మొగుడి వేలనుకుని నా వేలి గుర్తుని పట్టుకుని ఏడుస్తుంటే, కక్కలేక మింగలేక అక్కడే సుత్తి పట్టుకుని నిలబడ్డాను. నా జన్మలో అంత సిగ్గుపడలేదు. ఇంకోసారి అదే నీ ముఖంలో చూడలేను. అందుకే రాస్తున్నాను. వంకర పైపులో ఉన్నది మీ నాన్న కూరింది కాదు. నేను కూరింది. ఆయనది పోయింది. నేనే పారేశాను.

ఇంకొక్కటి చెప్పాలి. చెబితే నీకు ఇంకా బాధ కలుగుతుందేమో, అయినా అది చూసింది ప్రపంచంలో నేనొక్కణ్ణే కాబట్టి చెప్పకుండా ఉండకూడదు. తట్టగానే అది పొడిపొడిగా రాలలేదు. మొత్తం ఒకే ముద్దగా, గిన్నె ఆకారంలోనే నా అరచేతిలోకి దిగింది. ముదురు గోధుమ రంగు, అక్కడక్కడ లేత పోగులు. పైన బొటనవేలి పల్లం స్పష్టంగా ఉంది, నడిమధ్యన కాదు, కాస్త ఎడమకి ఒరిగి, వెడల్పుగా. పల్లం అంచున ఒక పోగు లేచి నిలబడి ఉంది. బరువు లేదు. ఒక్క క్షణం 'ఎంత బాగా ప్యాక్ చేశారు' అని మెచ్చుకున్నాను కూడా, పనివాణ్ణి కదా. ఆ తర్వాత, ఎండిందా లేదా అని రెండు వేళ్ళతో నలిపాను.

ఇక్కడిదాకా రాసి పెన్ను పక్కన పెట్టాను. నీకు చెప్పి ఆవిడకి చెప్పకపోతే అది సగం దొంగతనమే. లేచి అత్తయ్య గదిలోకి వెళ్ళాను. ఆవిడ మంచం మీద కూర్చుని బటన్లు డబ్బాలో వేస్తున్నారు, కోసిన చొక్కాలవి. నిలబడే అంతా చెప్పాను. ఆదివారం, మంగళవారం, బుధవారం, వరసగా. ఆవిడ చేతిలో బటన్ అలాగే ఉండిపోయింది. తిడతారనుకున్నాను. "అయితే నిన్న నేను ఏడ్చింది నీ వేలు పట్టుకునా?" అన్నారు. అవునన్నాను. "చాల్లే సంబడం" అన్నారు. మూడు బటన్లు డబ్బాలో పడ్డాయి.

అప్పుడు, "అంటే దాన్ని వెలిగించొచ్చన్నమాట" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "ఆయన కూరిందైతే కాల్చడానికి నాకు చేతులు రావు. రెండేళ్ళుగా అది వెలిగిస్తే బావుండునని నా ప్రాణం కొట్టుకుంటోంది. కొట్టుకున్నా ఏం లాభం, అమ్మాయి ముఖం చూస్తే అడగబుద్ధి కాలేదు. నువ్వు కూరిందే కదా, వెలిగించు" అన్నారు.

"అత్తయ్యా, నాకు కాల్చడం రాదు."

"నాకు మాత్రం వచ్చా? కానియ్. ముందా కిటికీలు మూసెయ్."

మూశాను. ఖాళీ ముందుగదిలో, దుప్పటి మీద ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. నాలుగు అగ్గిపుల్లలు ఖర్చయ్యాయి. మొదటి రెండు దమ్ములకీ దగ్గు తప్ప ఏమీ రాలేదు, కళ్ళనీళ్ళు మాత్రం బాగా వచ్చాయి. "పీల్చకు, నోట్లోనే ఉంచి వదులు. ఆయన అలాగే చేసేవారు" అని ఆవిడ పాఠం చెప్పారు. మూడో దమ్ముకి అంటుకుంది. పొగ మెల్లగా లేచి, ఫోటోలు లేని గోడల దాకా వెళ్ళి, ఆ లేత చతురస్రాల ముందు తిరిగి, ఎటు పోవాలో తెలియక గదిలోనే ఉండిపోయింది. అదే వాసన. ఏ మార్పూ లేదు. మన పెళ్ళిచూపుల రోజు మీ ఇంట్లో నాకు మొదట తగిలిన వాసన. అత్తయ్య కళ్ళు మూసుకున్నారు. ఏడవలేదు. ఒకసారి మాత్రం, "కాల్చుకోండి, ఎవరొద్దన్నారు" అన్నారు. నాతో కాదు.

పైపు చివరిదాకా కాలింది. ఇప్పుడది కిటికీ గట్టు మీద చల్లారుతోంది. రేపటిదాకా ముట్టుకోను. చల్లారాక బూడిద దులిపి, శుభ్రం చేసి, ఖాళీగానే తెస్తాను. మళ్ళీ ఏదో నింపి నిన్ను మోసం చెయ్యను.

సోమవారం పొద్దునే లారీ వస్తుంది. ఈ ఉత్తరం నాకంటే ముందు చేరాలని ఇప్పుడే పోస్టులో వేస్తున్నాను. నేను ఎదురుగా ఉంటే, దారిలో అలిసిపోయొచ్చాడులే అని సగం కోపం మింగేస్తావు. అలా వద్దు. రెండురోజులు నా మొహం కనబడకుండా ఏడువు, తిట్టు, గిన్నెలు విసిరెయ్. మన్నించమని అడగను. పోయినదాన్ని తేలేనివాణ్ణి, ఏ ముఖంతో అడగను? నువ్వు నాతో మాట్లాడకపోయినా సామాన్లన్నీ దించి, ముందు ఈ పెట్టె నీ చేతికిచ్చి, బయట మెట్ల మీద కూర్చుంటాను. పిలిచినప్పుడు లోపలికి వస్తాను.

పొగాకు డబ్బాలో ఇంకా సగం ఉంది. అది కూడా తెస్తున్నాను. ఎందుకో నాకు తెలియదు, తెమ్మన్నది అత్తయ్య. ఉత్తరం అయిపోవచ్చిందంటే పక్కన కూర్చుని ఈ మాట రాయమన్నారు, ఆవిడ చెప్పినట్టే రాస్తున్నాను: "వంకరదాంట్లో ఈసారి నువ్వే కూరు అమ్మా. నువ్వు పుట్టినప్పుడు నర్సు నీ చెయ్యి విప్పి చూపించి నవ్వింది. నీ బొటనవేలు అచ్చం మీ నాన్నదే, వెడల్పుగా, ఎడమకి ఒరిగి."

పదకొండేళ్ళుగా ఆ చెయ్యి పట్టుకుంటున్నాను. నేనెప్పుడూ చూడలేదు.

ఇట్లు,
నీ గుమ్మం ముందు మెట్ల మీద కూర్చోబోయే
నీ ఆయన